ఎగిరే ట్యాక్సీకి రెంటచింతల ఎండ పరీక్ష

నరసరావుపేట: మాచర్లలో ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగిని గుంటూరు పెద్దాసుపత్రికి తరలించాలంటే వంద కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం తప్పదు. గుంటూరుకు చెందిన చావా అభిరామ్ సంస్థ మాగ్నమ్ వింగ్స్ మనుషులను మోసే డ్రోన్ల నమూనాలను తయారుచేసినట్లు 2025లో వార్తలు రావడంతో ఆ దూరాన్ని గాలిలో దాటే ఆలోచనకు ఊపిరి వచ్చింది. అయితే ఎగరడం కంటే క్షేమంగా దిగడమే కష్టం.

ఇంజిను ఆగినా విమానం కొంతదూరం జారుతూ దిగగలదు. హెలికాప్టరు రెక్క గాలి ఒత్తిడికి తిరుగుతూ వేగాన్ని అదుపు చేస్తుంది. చిన్న రెక్కల డ్రోనుకు ఈ వెసులుబాట్లు లేవు. నాలుగు మోటార్లలో ఒకటి ఆగితే సాధారణంగా అదుపు తప్పుతుంది. అందుకే 2023 అక్టోబరులో చైనా విమానయాన శాఖ ధ్రువీకరణ పొందిన ఈహాంగ్ 216-ఎస్‌కు 8 చేతులపై 16 మోటార్లు అమర్చారు. ఒకటి మొరాయిస్తే మిగిలినవి బరువు మోస్తాయి. పారాచూట్ ఉన్నా అది విచ్చుకోవడానికి ఎత్తు కావాలి. నేలకు దగ్గరలో దానివల్ల ప్రయోజనం స్వల్పమే.

పల్నాడులో మరో చిక్కు ఎండ. 15 డిగ్రీలతో పోలిస్తే 45 డిగ్రీల వద్ద గాలి సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది. అదే బరువు లేపడానికి మోటార్లు మరింత వేగంగా తిరగాలి, బ్యాటరీ వేడెక్కుతుంది. వేసవిలో రెంటచింతల మీదుగా ఎగరాల్సిన యంత్రానికి ఇది చిన్న విషయం కాదు.

ఈహాంగ్ గరిష్ఠ దూరం 30 కిలోమీటర్లే. గుంటూరు నుంచి నరసరావుపేటకు నేరుగా ఎగిరినా 40 దాటుతుంది. పైగా అందులో ఉన్నవి రెండు సీట్లే, రోగిని పడుకోబెట్టే చోటు లేదు.