అటు డ్యూటీకి... ఇటు షికారుకి!

సైకిల్ కొనేటప్పుడు రంగు చూస్తాం. గేర్లు లెక్కపెడతాం. సీటు నొక్కి చూస్తాం. పెడల్‌ని మాత్రం పట్టించుకోం. తీరా రోడ్డెక్కాక కాలు జారేదీ, మోకాలు పట్టేసేదీ అక్కడే! వారమంతా పనికి, ఆదివారం సరదాకి... రెంటికీ సరిపోయే పెడల్‌ని ఎంచుకోవడం ఎలా?

అల్లాదుర్గ్... మెతుకుసీమలో ఓ మండల కేంద్రం. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా వెళ్లే 161వ నంబరు జాతీయ రహదారి ఇటునుంచే పోతుంది. ఇక్కడ ఉంటూ పక్క ఊరి బడికి రోజూ సైకిల్ మీద వెళ్లొచ్చే ఓ మాస్టారిని ఊహించుకోండి. ఇస్త్రీ ప్యాంటు, కాళ్లకు చెప్పులో మామూలు బూట్లో. దారిలో ఓచోట గేదెల మంద అడ్డం. మరోచోట ఎదురుగా ట్రాక్టరు. మధ్యమధ్యలో 'నమస్తే సార్' అంటూ పిల్లలు. బడి చేరేలోగా నాలుగైదు సార్లు కాలు కింద పెట్టక తప్పదు.

అదే ఆదివారమైతే సీను మారిపోతుంది. తెల్లారకముందే లేచి టీషర్టు, నిక్కరు వేసుకుంటారు. 1924లో ప్రారంభమైన మెదక్ చర్చి దాకానో, మంజీర ఏడు పాయలుగా చీలే ఏడుపాయల దాకానో వెళ్లిరావాలని ఉబలాటం. ఆ రోజు గంటల తరబడి ఆగకుండా తొక్కాలి.

సైకిల్ ఒక్కటే. పనులు రెండు. కాలికీ సైకిల్‌కీ మధ్య ఉన్న ఆ అరచేతి మందం పెడల్ మాత్రం రెంటికీ న్యాయం చేయాలి. హైదరాబాద్‌లో వారమంతా ఆఫీసుకి తొక్కి, సెలవురోజున అవుటర్ రింగ్‌రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లదీ ఇదే సమస్య. 2023 అక్టోబరు 1న ఆ ట్రాక్ మొదలయ్యాక 'ఏ పెడల్ వేయించమంటారు?' అని అడిగేవాళ్లు నగరంలోనూ ఎక్కువయ్యారంటే ఆశ్చర్యం లేదు.

రబ్బరు నుంచి క్లిప్పు దాకా...

మన నాన్నల కాలం నాటి నల్ల సైకిళ్లకు రబ్బరు దిమ్మెల పెడళ్లు ఉండేవి. చెప్పులేసుకున్నా, ఉత్త కాళ్లతో తొక్కినా ఇబ్బంది లేదు. పంచె కట్టుకున్నవాళ్లు, అడ్డ తొక్కుడు తొక్కే పిల్లలు, అందరికీ అవే. కాకపోతే రబ్బరు అరిగి నున్నబడ్డాక వానలో కాలు సర్రున జారేది.

ఇప్పుడు దుకాణంలో కనిపించేవి స్థూలంగా మూడు రకాలు. మొదటిది బల్లపరుపు పెడల్. ప్లాస్టిక్‌వీ ఉంటాయి, అల్యూమినియంవీ ఉంటాయి. మంచివాటికి పైన చిన్న చిన్న పిన్నులుంటాయి. అవి బూటు అడుగును పట్టుకుని జారనివ్వవు. రెండోది క్లిప్పు పెడల్. బూటు అడుగున బిగించిన చిన్న లోహపు ముక్క పెడల్‌లోని స్ప్రింగు పట్టులో 'టక్' మని ఇరుక్కుంటుంది. ఆ ముక్కను క్లీటు అంటారు. మడమను పక్కకు తిప్పితే ఊడి వస్తుంది. మూడోది ఈ రెంటికీ పుట్టిన బిడ్డ. ఒకవైపు బల్లపరుపు, రెండోవైపు క్లిప్పు. షిమానో వారి పీడీ-ఈహెచ్500 ఇలాంటిదే. డ్యూటీకి ఓ పక్క, షికారుకి ఓ పక్క అన్నమాట!

ఈ క్లిప్పుల కథ వెనక మంచుమీద జారే ఆట ఉంది. స్కీయింగ్‌లో బూటును పట్టి ఉంచే, పడితే వదిలేసే పట్టీలు తయారుచేసే ఫ్రెంచి కంపెనీ లుక్... అదే ఉపాయాన్ని 1984లో సైకిల్ పెడల్‌కు తెచ్చింది. మరుసటేడే బెర్నార్ ఇనో వాటితో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. ఇక పందేలవాళ్లంతా అటే మళ్లారు. అయితే ఆ బూట్లతో నడవడం నరకం. అడుగున క్లీటు పొడుచుకుని ఉంటుంది. 1990లో జపాన్ కంపెనీ షిమానో 'ఎస్పీడీ' పేరిట చిన్న క్లీటును తెచ్చింది. అది బూటు అడుగు గాడిలో దాక్కుంటుంది కాబట్టి మామూలుగా నడవొచ్చు. దారిలో దిగి చాయ్ తాగొచ్చు. చర్చి మెట్లెక్కొచ్చు. రెండు పనుల పెడళ్లలో ఎక్కువగా ఈ పద్ధతే కనిపించేది అందుకే.

క్లిప్పు వేస్తే వేగం పెరుగుతుందా?

అమ్మేవాళ్లు చెప్పే మొదటి మాట ఇదే. 'కాలుతో తొక్కడమే కాదు సార్, పైకి లాగొచ్చు కూడా. బలం డబుల్!' వినడానికి బాగానే ఉంటుంది. కానీ 2008లో వెలువడిన ఓ అధ్యయనంలో శాస్త్రవేత్తలు రకరకాల పెడళ్లతో తొక్కించి కొలిచి చూస్తే, నిలకడగా తొక్కేటప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తిలో పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. పైగా, పనిగట్టుకుని పైకి లాగితే శక్తి ఎక్కువ వృథా అయింది.

మరి క్లిప్పు దండగా? అదీ కాదు. దాని లాభం వేరే. గంటల తరబడి తొక్కేటప్పుడు పాదం ఒకేచోట ఉంటుంది. గతుకుల్లో ఎగిరిపడదు. వానలో జారదు. వేగంగా కాళ్లు ఆడించేటప్పుడు పెడల్ తప్పిపోతుందన్న భయం ఉండదు. దూరం పెరిగేకొద్దీ ఈ సుఖం విలువ తెలుస్తుంది. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాల్సిన 'బ్రెవే' ప్రయాణాల్లో చాలామంది క్లిప్పులు వాడేది ఇందుకే. అలాగని అవి తప్పనిసరేం కాదు. మామూలు పెడళ్లతో వెళ్లేవాళ్లూ ఉంటారు.

నిలబడి పడటం!

క్లిప్పు పెడల్ కొన్నవాళ్లలో చాలామందికి ఓ అనుభవం తప్పదు. వేగంగా వెళ్తూ పడరు. ఆగి పడతారు! సిగ్నల్ దగ్గరో, గేదె అడ్డమొచ్చినప్పుడో బ్రేకు వేస్తారు. కాలు కింద పెట్టబోతారు. అది రాదు. మడమ తిప్పాలన్న సంగతి గుర్తొచ్చేలోపు సైకిల్‌తో సహా పక్కకు ఒరిగిపోతారు. పల్లె దారిలోనైతే నవ్వులతో పోతుంది. వెనక లారీ ఉన్న రోడ్డు మీదైతే నవ్వులాట కాదు.

రెండువైపుల పెడల్‌కున్న అసలు గొప్పదనం ఇక్కడే. ఊళ్లో, ట్రాఫిక్‌లో బల్లపరుపు వైపు తొక్కండి. ఖాళీ రోడ్డు రాగానే బొటనవేలితో పెడల్‌ను తిప్పి క్లిప్పు వైపు ఎక్కించండి. ఊరు దగ్గర పడగానే మళ్లీ ఊడదీయండి. కొత్తల్లో ఏ పక్క పైకుందో తెలియక కాలు తడుముకుంటుంది. కొన్నాళ్లకు అలవాటవుతుంది.

ముందుగా గోడ పట్టుకుని నిలబడి ఒక్కో కాలితో యాభైసార్లు ఎక్కించి, ఊడదీయండి. తర్వాత బడి మైదానంలో మట్టి మీద తొక్కండి. పెడల్ మీద స్ప్రింగు పట్టును తగ్గించే చిన్న స్క్రూ ఉంటుంది. మొదట్లో దాన్ని బాగా వదులు చేసుకోండి. ఒక్క దిశలోనే కాకుండా అటూ ఇటూ ఎటు మెలితిప్పి లాగినా ఊడే క్లీట్లు కూడా దొరుకుతాయి. షిమానోలో ఎస్‌హెచ్56 అలాంటిది. కొత్తవాళ్లకు అవే మేలు.

ఇంకో జాగ్రత్త. క్లీటు వంకరగా బిగిస్తే పాదం వంకరగానే ఇరుక్కుంటుంది. ఆ మెలిక భారమంతా మోకాలి మీద పడుతుంది. కుర్చీలో కూర్చుని కాళ్లు వేలాడేసినప్పుడు మీ పాదం సహజంగా ఎటు తిరిగి ఉంటుందో చూసి, క్లీటును అలాగే బిగించుకోవాలి. మోకాలు నొస్తుంటే ఓర్చుకోకండి. ఆగి సరిచేసుకోండి.

ఎడమది ఉల్టా!

పెడల్ కొనడం ఓ ఎత్తు. బిగించడం ఇంకో ఎత్తు. ఇవాళ్టి పెద్దల సైకిళ్లలో చాలావాటికి పెడల్ మర 9/16 అంగుళాలు. పిల్లల సైకిళ్లు కొన్నింటికి, ఒకే ఇనుప కడ్డీని వంచి చేసిన క్రాంకులకు అర అంగుళం ఉంటుంది. చూడ్డానికి తేడా తెలియదు. పాత పెడల్‌ను పట్టుకెళ్లి పోల్చి తెచ్చుకోవడమే తెలివి.

ఇక అసలు మెలిక. కుడి పెడల్ అన్ని మరల్లాగే కుడికి తిప్పితే బిగుస్తుంది. ఎడమది మాత్రం ఎడమకి తిప్పాలి. 'సారూ, ఎడమదాన్ని ఉల్టా తిప్పాలె' అని ఏ మెకానిక్ అయినా మొట్టమొదట చెప్పే మాట ఇదే. లేకపోతే తొక్కేకొద్దీ అది దానంతటదే వదులై ఊడిపోతుంది. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు అంతకుముందు సైకిల్ దుకాణం నడిపేవారు. ఊడిపోని ఈ ఎడమ మర పెడళ్లను వాళ్లు 1900లో తమ సైకిళ్లకు ప్రకటించారు.

పెడళ్ల మీద కుడి ఎడమల గుర్తుగా ఆర్, ఎల్ అక్షరాలుంటాయి. తికమక పడకుండా ఓ చిట్కా ఉంది. క్రాంకులోకి పెట్టాక పానాను నిలువుగా పైకి ఉంచి, పై కొసను ముందు చక్రం వైపు తిప్పండి. ఏ పక్కయినా సరే... బిగుస్తుంది. వెనక్కి తిప్పితే ఊడుతుంది. తప్పు పెడల్‌ను బలవంతంగా ఎక్కిస్తే అల్యూమినియం క్రాంకు మర తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు పెడల్ మిగిలినా క్రాంకు మార్చాల్సి వస్తుంది! అందుకే మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పాలి. మరకు కాస్త గ్రీజు రాస్తే మళ్లీ విప్పేటప్పుడు తిప్పలుండవు. ఎక్కువ పెడళ్లకు 15 మిల్లీమీటర్ల పానా చాలు. కొన్నింటికి 6 లేదా 8 మిల్లీమీటర్ల ఎలెన్ కీ కావాలి.

పెడల్ లోపల తిరిగేది చిన్న చిన్న ఉక్కు గుండ్ల మీద. మన మెకానిక్‌లు చర్రలంటారు. దుమ్ము, నీళ్లు చేరితే కటకటమంటాయి. పెడల్‌ను పట్టుకుని ఊపి చూడండి. లొడలొడ ఊగిందంటే మరమ్మతు చేయించాల్సిందే.

ఆరు రోజులది ముందు!

ఇంతకీ ఏది కొనాలి? పెడల్‌ను కాదు, ముందు మీ చెప్పుల అరను చూసుకోండి. ఆరు రోజులూ చెప్పులతో, మామూలు బూట్లతో తొక్కేవాళ్లకు వెడల్పాటి బల్లపరుపు పెడలే రాజు. ఆదివారం ఓ గంట సరదాగా తిరగడానికీ అదే చాలు. చెప్పులు, పలచని అడుగున్న బూట్లు వేసుకునేవాళ్లు మొనదేలిన పిన్నులున్నవి తీసుకోవద్దు. అడుగు చిరుగుతుంది. కాలు జారితే పిక్క గీరుకుపోతుంది.

నెలలో ఎక్కువ ఆదివారాలు రెండు మూడు గంటలకు పైగా తొక్కుతున్నారా? అప్పుడు రెండువైపుల పెడల్ గురించి ఆలోచించండి. అయితే ఖర్చు పెడల్‌తో అయిపోదు. క్లీటు పట్టే బూట్లు కూడా కొనాలి. బూట్లు రెండు స్క్రూల క్లీటుకు పనికొచ్చేవేనా అన్నది చూసుకోండి. మూడు స్క్రూలవైతే ఈ పెడళ్లకు కుదరవు, నడవడానికీ రావు.

ఏది కొన్నా ఒక్కటి మర్చిపోవద్దు. పాత పెడళ్లకు ముందూ వెనకా పసుపు రంగు రిఫ్లెక్టర్లుండేవి. చీకట్లో కాలితోపాటు అవి పైకీ కిందికీ ఊగుతుంటే, వెళ్తున్నది సైకిలని వెనక డ్రైవరు ఇట్టే పసిగడతాడు. కొత్తరకం పెడళ్లు చాలావాటికి ఇవి రావు. విడిగా కొని బిగించుకోండి. కుదరకపోతే చీలమండకు మెరిసే పట్టీ అయినా కట్టుకోండి. తెల్లారకముందు బయల్దేరే ఆదివారాల్లో, చీకటి పడ్డాక ఇల్లు చేరే రోజుల్లో అది ప్రాణానికి భరోసా.

మన మాస్టారి సంగతేమిటి? ఆరు రోజుల పెడల్ ముందు. ఏడో రోజుది తర్వాత. ఈ ఏడాదికి పాత రబ్బరు పెడళ్లు తీసేసి మంచి వెడల్పాటివి వేయించుకుంటే ఆయనకు చాలు. ఏడుపాయల ప్రయాణం నిజంగానే అలవాటైతే, క్లిప్పుల సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు. ఎలాగూ గుడి దగ్గర బూట్లు విప్పాల్సిందేగా!