అరకు కొండకి చుట్టంచూపు

తెల్లవారుజాము నాలుగున్నర. పాడేరు దగ్గర వంజంగి కొండ. కింద నుంచి పైకి చూస్తే చీకట్లో కొండ నిండా మిణుగురులు. దగ్గరికెళ్తే అవన్నీ సెల్‌ఫోన్ టార్చిలు. మా ముందో బ్యాచ్, వెనకో బ్యాచ్, మధ్యలో ఎవరిదో బ్లూటూత్ స్పీకర్. పైకెక్కేసరికి ఒక్కో బండ మీదా పదేసి మంది. ఇంతలో ఎండ పొడిచింది. లోయంతా పాలు పొంగినట్టు మబ్బులు. కొండల తలలు మాత్రం దీవుల్లా పైకి కనిపిస్తున్నాయి. చాలా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఏడున్నరకి దిగిపోయాం. మ్యాగీ తిన్నాం. మధ్యాహ్నం భోజనాల వేళకి వైజాగ్‌లో ఉన్నాం. రీల్‌కి లైకులు బాగానే వచ్చాయి.

ఇంటికొచ్చాక అమ్మ ఒకటే అడిగింది. "అక్కడి మనుషులు ఎలా ఉంటార్రా?"

నా దగ్గర జవాబు లేదు. మ్యాగీ చేసిచ్చినాయనతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు మరి. ఆయనతో కూడా "ఎంత?" అన్న ఒక్క మాటే.

మన ఇళ్లల్లో చుట్టంచూపుకి వెళ్లడం అని ఉంది కదా. ఒక్క పూటే ఉన్నా సరే, గుమ్మంలో కాళ్లు కడుక్కుంటాం, పెట్టింది తింటాం, వాళ్ల పిల్లలేం చదువుతున్నారో అడుగుతాం. అరకు కొండలకి ఏటా లక్షల మందిమి వెళ్తున్నాం గానీ, చుట్టంలా వెళ్తున్నవాళ్లం ఎంతమందిమి? అమ్మ అడిగిన ప్రశ్న నెల రోజులు బుర్రలో తిరిగింది. అందుకే రెండోసారి వేరేలా వెళ్లాను.

"మీకు ట్రెక్, మాకు రేషన్‌ దోవ"

వైజాగ్‌లో వీకెండ్ ట్రెక్ గ్రూపులకి కొదవలేదు. కంబాలకొండలో కాళ్లు సాగదీసి, అక్కణ్ణుంచి మెల్లగా ఏజెన్సీ కొండల దాకా వెళ్తుంటాయి. నేను చేరింది ఒక చిన్న వాట్సాప్ గ్రూపు. వాళ్ల రూల్స్ మూడే. పదిహేను మందికి మించి వెళ్లకూడదు. తెచ్చుకున్న చెత్త తిరిగి వైజాగ్ రావాలి. దారి చూపించేవాడు ఆ కొండవాడే అయ్యుండాలి. మొదటి రెండూ నాకు వెంటనే అర్థమయ్యాయి. మూడోదానికి గూగుల్ మ్యాప్ ఉందిగా అనుకున్నాను. అనంతగిరి దాటాక ఫోన్లో సిగ్నల్ రావడం, పోవడం మొదలైంది. ఒక మలుపు తర్వాత పూర్తిగా పోయింది.

మా గైడ్‌కి ఇరవై రెండేళ్లు. అరకులో డిగ్రీ చదువుతున్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి ఇక్కడ తమ్ముడు అనే అంటాను. సుంకరమెట్ట ఇంకా రాకముందే రోడ్డు దిగి కాఫీ తోటల్లో పడ్డాం. నవంబరు ఆఖరు. వాలుల మీద వలిసె పూలు పసుపు కుమ్మరించినట్టున్నాయి. మనలో చాలామంది వాటిని సెల్ఫీ బ్యాక్‌గ్రౌండ్ అనుకుంటాం గానీ, అది నూనెగింజల పంట. చేనులోకి దిగి తొక్కితే ఆ మేరకు గింజ పోయినట్టే. కొన్నిచోట్ల రైతులు మనిషికి ఇంతని తీసుకుని, చేనులో ఒక పక్కన ఫొటోలకి దారి వదులుతున్నారు. తీసుకోవాల్సిందే.

గంట నడిచేసరికి నాకు ఆయాసం మొదలైంది. "ఈ ట్రెక్ కొంచెం టఫ్ కదా" అన్నాను, పరువు పోకుండా.

తమ్ముడు నవ్వాడు. "మీకు ట్రెక్ అన్నా. మాకిది రేషన్‌కెళ్లే దోవ."

ఇంకాస్త పైకెళ్లాక పెద్ద పనసచెట్టు కింద ఆగాం. డోలీ దింపి భుజాలు మార్చుకునేది ఇక్కడేనట. పొడవాటి కర్రకి దుప్పటో బుట్టో కట్టి, నడవలేని మనిషిని అందులో కూర్చోబెట్టి మోసుకెళ్లేదే డోలీ. పేపర్లో ఫొటోలు చూసే ఉంటారు. వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా నొప్పులొచ్చిన వాళ్ల పిన్నిని ఇదే దోవలో దించారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, టార్చి పట్టుకుని వీడు. వానాకాలం కాబట్టి అడుగు తీసి అడుగేస్తే జారుడే. రోడ్డు మీదికొచ్చి అంబులెన్స్ కోసం కూర్చున్నారు.

"తర్వాత?"

"పాప పుట్టింది. ఇప్పుడు బడికెళ్తంది. బాగా అల్లరి."

ఇప్పుడు వాళ్ల ఊరికి సగం దాకా మట్టిరోడ్డు పడింది. మిగతా సగం మా ట్రెక్. నా వీపు మీదున్న బ్యాగు అయిదు కిలోలు కూడా ఉండదు. ఆ తర్వాత టఫ్ అన్న మాట నా నోట రాలేదు.

ట్రెక్కర్లకి ఎత్తు పిచ్చి ఉంటుంది, నాకూ ఉంది. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తు 1,680 మీటర్ల అర్మకొండ అని చాలాకాలం పుస్తకాల్లో ఉండేది. స్థానికులు సీతమ్మకొండ అంటారు. హుకుంపేట మండలంలో ఉంది. ఆ తర్వాత 1,690 మీటర్ల జిందగడ ముందుకొచ్చింది. సరిహద్దు దాటితే ఒడిశా కొరాపుట్‌లో దేవ్‌మాలి 1,672 మీటర్లు. ఈ లెక్కలన్నీ తమ్ముడికి గర్వంగా చెప్పాను. ఓపిగ్గా విని, "సీతమ్మకొండ ఎక్కినప్పుడు చెప్పులు విప్పుతారు కొందరు. అది తెలుసా అన్నా?" అన్నాడు. తెలీదు.

రైలెక్కిన బాబాయ్

మూడోసారి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాను. అమ్మ, బాబాయ్, పిన్ని, ఆరో తరగతి చదివే మా అక్క కూతురు. పెద్దవాళ్లకి ఘాట్ రోడ్డు మలుపులు పడవు కాబట్టి రైలే మేలు. వైజాగ్‌లో పొద్దున్నే కిరండోల్ ప్యాసింజర్ ఎక్కితే దాదాపు నాలుగు గంటల ప్రయాణం. అద్దాల విస్టాడోమ్ బోగీ 2017లో వచ్చింది. మాకు టికెట్లు దొరకలేదు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాం. జామకాయలు, పల్లీలు, అమ్మ తెచ్చిన పులిహోర. అద్దాల బోగీలో ఈ సందడి ఉండేదా అని ఇప్పటికీ నా డౌటు.

ఈ లైను 1960ల్లో వేసింది మనం అరకు చూడాలని కాదు. బైలదిలా గనుల ఇనుప ఖనిజం వైజాగ్ రేవుకి దించి, జపాన్‌కి పంపాలని. కొండల్ని తొలిచి 58 సొరంగాలు వేశారు. మా మేనకోడలు లెక్కపెడతానని మొదలుపెట్టి, పంతొమ్మిదో దాని దగ్గర నిద్రపోయింది. బొర్రా గుహలు దాటాక శిమిలిగుడ వస్తుంది. 996 మీటర్ల ఎత్తు. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఒకప్పుడు ఇదే అన్నిటికన్నా ఎత్తు. కశ్మీర్ లైను వచ్చాక ఆ రికార్డు పోయింది.

శిమిలిగుడ చలిగాలి తగలగానే బాబాయ్‌కి ఒక ఐడియా వచ్చింది. "ఇక్కడ ఓ అరెకరం కొని పడేస్తే ఎలా ఉంటుందిరా?"

అరకు స్టేషన్‌లో మమ్మల్ని కలవగానే తమ్ముడు విన్న మొదటి ప్రశ్న కూడా అదే. వాడు అలవాటైనవాడిలా చెప్పాడు. "కొనలేరు బాబాయ్. 1/70 కదా."

1970 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు చట్టం అది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల పేరు మీదికి భూమి మారడం చెల్లదు. "మా ఫ్రెండ్ బినామీ పేరుతో..." అని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయడం మంచిది. ఇదే అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంత భూముల్ని ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వకూడదని 1997లో తీర్పొచ్చింది. మనం వీకెండ్‌కి వెళ్లి "అబ్బ, ఎంత పచ్చగా ఉందో" అనే కొండ ఇంకా పచ్చగా ఉందంటే, అందులో ఈ కాగితాల వాటా కూడా ఉంది. బాబాయ్ కాసేపు ముభావంగా ఉండి, సంతలో పసుపు కొమ్ములు చూసి మామూలైపోయాడు.

సంత అమ్మ లోకం. రాజ్మా, చింతపండు, పసుపు, కట్టలు కట్టిన అడ్డాకులు. రైతుబజారులో బేరమాడినట్టే మొదలుపెట్టబోయింది. ఆ బుట్ట నెత్తిన పెట్టుకుని ఆవిడ ఎంత దూరం నడిచొచ్చిందో అడగమన్నాను. అడిగింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు గానీ, చెప్పిన ధరకే రెండు కిలోలు తీసుకుంది. ఇక్కడో మాట. ఫోన్‌పే ఉందిగా అని జేబులో రూపాయి లేకుండా వెళ్లకండి. సిగ్నల్ లేకపోతే అంతే సంగతులు.

జేబులో నాలుగు గింజలు

మధ్యాహ్నం కాఫీ తోటలోంచి తమ్ముడి ఊరికి నడిచాం. పెద్దవాళ్లున్నారని, రోడ్డున్నంత దూరం ఆటో, అక్కణ్ణుంచి మెల్లగా నడక. డిసెంబరు కాబట్టి కాయలు ఎర్రగా పండి ఉన్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం తీగ. ఒకే నేల మీద రెండు పంటలు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికా ఇదే. కాయ మీది తొక్క తీసి నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది. మా మేనకోడలు మాత్రం స్కూల్లో చూపించడానికి నాలుగు కాయలు జేబులో వేసుకుంది.

అప్పటిదాకా నవ్వుతూ ఉన్న తమ్ముడు ఆగిపోయాడు. మోకాళ్ల మీద కూర్చుని, "పాపా, జేబు ఖాళీ చెయ్యి" అన్నాడు. కోపంగా కాదు. అమ్మ కాస్త నొచ్చుకుంది, "నాలుగు కాయలకేంటి బాబూ" అని.

కాయలు పోతాయని కాదు వాడి బాధ. 2025లో అరకు ప్రాంతంలో బెర్రీ బోరర్ బయటపడింది. కాఫీ కాయని తొలుచుకుని లోపలికెళ్లి, గింజలోనే గుడ్లు పెట్టే చిన్న నల్ల పురుగు. ప్రపంచంలో కాఫీ పండే దేశాలన్నీ దీనికి భయపడతాయి. పట్టిన తోటల్లో కాయలన్నీ కోసి నాశనం చేయాల్సి వచ్చింది. ఏడాదంతా చూసుకున్న పంట అది. పురుగు తనంత తాను ఎక్కువ దూరం ఎగరలేదు. కాయలో కూర్చుని ప్రయాణం చేస్తుంది. సంచిలో, బండిలో, టూరిస్టు జేబులో. ఈ తోటలో రాలిన కాయ ఆ తోటలో పడేస్తే చాలు. ఇదంతా ఆరో తరగతి పిల్లకి అర్థమయ్యేలా చెప్పాడు వాడు. ఆ పిల్ల నాలుగు కాయలూ తీసి చేతిలో పెట్టి, జేబు లోపలిగుడ్డ కూడా బయటికి లాగి చూపించింది. కాఫీ పొడి కొనుక్కుని తీసుకెళ్లండి, ఎంతైనా. పచ్చి కాయ మాత్రం వద్దు.

నేను సొంతంగా వచ్చి ఉంటే ఇది నాకు చెప్పేవాడెవడు? అవే నాలుగు కాయలతో రీల్ చేసి ఉండేవాణ్ణి కూడా.

ఇంకో నాలుగు ముక్కలు. ఏజెన్సీలో మలేరియా ఉంది, రాత్రి ఉండేటట్టయితే దోమతెర, ఒళ్లంతా కప్పే బట్టలు తప్పనిసరి. చాపరాయి, కటికి లాంటి చోట్ల తడి బండ మీద నిలబడి ఫొటో వద్దు. పాచి కనపడదు. చైత్రమాసంలో ఇటుకల పండగప్పుడు వెళ్తే, దారికి అడ్డంగా ఆడవాళ్లు నిలబడి డబ్బులడుగుతారు. అది పండగ ఆనవాయితీ, నవ్వుతూ తోచింది ఇచ్చి వెళ్లండి. ముసలమ్మల ఫొటోలు అడక్కుండా తీయొద్దు, మీ నానమ్మని ఎవడో అలా తీస్తే ఊరుకుంటారా?

"వైజాగ్ తెలుసమ్మా"

తమ్ముడి ఇంట్లో భోజనం. మనిషికి ఇంతని ముందే మాట్లాడుకున్నాం. మొహమాటానికి పోయి తర్వాత చేతిలో ఎంతో కొంత కుక్కడం కన్నా అదే మర్యాద. అడ్డాకు విస్తళ్లలో అన్నం, చిక్కుడు గింజల కూర, నాటుకోడి పులుసు, ముందుగా గ్లాసుల్లో చోడి అంబలి. బాబాయ్ రెండు గ్లాసులు తాగాడు. చిన్నప్పుడు వాళ్ల అమ్మ చేసేదట. పిన్నికి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది.

అమ్మలిద్దరూ పొయ్యి దగ్గర కూర్చున్నారు. వాళ్లావిడ ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడుతుంది, తెలుగు కాస్త ఆగి ఆగి వస్తుంది. అయినా గంటసేపు ఏవో కబుర్లు. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. ఇద్దరి కొడుకులూ చెప్పిన మాట వినరు. బయల్దేరేటప్పుడు అమ్మ మామూలుగా అందరికీ చెప్పినట్టే చెప్పింది. "ఈసారి మీరు మా వైజాగ్ రండి."

"వైజాగ్ తెలుసమ్మా" అందావిడ. "రెండుసార్లొచ్చినాను. మా అత్తకి బాగోకపోతే కేజీహెచ్‌కి ఒకసారి. మా ఆయనకోసారి."

"బీచ్ చూశారా మరి?"

"లేదమ్మా. ఆస్పత్రి నుంచి బస్సెక్కేసినాం."

కేజీహెచ్ నుంచి సముద్రం ఎంత దూరమో వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. అమ్మ ఒక్క క్షణం ఏం మాట్లాడలేదు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆస్పత్రికి కాదు, మా ఇంటికి రావాలి అంది. ఫోన్ నంబర్ చీటీ మీద రాసిచ్చింది, సిగ్నల్ ఉన్నప్పుడు చేయమని. ఆవిడ చీటీ మడిచి కొంగున ముడేసుకుని, "మీ ఇంటి మీద నుంచి సముద్రం కనపడతాదా?" అని అడిగింది.

గాజువాకలో మా ఇంటి మీద నుంచి వాటర్ ట్యాంకులు కనపడతాయి. "కనపడదు గానీ మా వాడు బండి మీద తీసుకెళ్తాడు" అంది అమ్మ, నన్ను అడక్కుండానే.

సంకురాత్రి వెళ్లాక వస్తారట.