మెట్లెక్కితే ఆయాసమెందుకు?

ఎల్‌.బి. నగర్‌ మెట్రో స్టేషన్‌ మెట్లు ఎప్పుడైనా నడిచి ఎక్కారా? మీ వయసులో అది ఆటలాగా ఉండాలి. కాని కొందరికి సగంలోనే ఆయాసం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. తరగతిలో మూడో పీరియడ్‌కే కళ్లు మూతలు పడతాయి. దానికి మేము పెద్దలం పెట్టే పేరు బద్ధకం. అలా ఒకమ్మాయిని నేనూ చాలాసార్లు మందలించాను. తర్వాత రక్తపరీక్ష చేయిస్తే తేలింది, ఆమెకు రక్తంలో ఇనుము తక్కువని.

ఇనుమా అని నవ్వకండి. పెద్దవాళ్ల ఒంట్లో ఇనుమంతా కలిపితే 3, 4 గ్రాములు, అంటే ఒక మేకుకు సరిపోతుంది. అందులో ఎక్కువ భాగం ఎర్రరక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. ఒక్కో హిమోగ్లోబిన్‌ అణువులో 4 ఇనుప పరమాణువులుంటాయి. ఒక్కొక్కటి ఊపిరితిత్తుల దగ్గర ఒక ఆక్సిజన్‌ అణువును ఎక్కించుకుని, కండరాల్లో, మెదడులో దింపుతుంది.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌ బస్టాండు చూశారుగా! జనం కిటకిటలాడుతున్నా బస్సుల్లో సీట్లు లేకపోతే ఏం లాభం? ఇనుము తగ్గితే సీట్లు తగ్గినట్టే. ఎంత గాలి పీల్చినా ఆక్సిజన్‌ చాలినంత చేరదు. అప్పుడు గుండె ట్రిప్పులు పెంచుతుంది. ఆ దడ అదే.

మీ వయసులో ఒళ్లు పెరిగే కొద్దీ రక్తమూ పెరగాలి. అమ్మాయిలకైతే నెలసరిలో కొంత ఇనుము పోతుంది కూడా. అందుకే మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో 13–15 ఏళ్ల అబ్బాయికి రోజుకు 22 మిల్లీగ్రాములు, అమ్మాయికి 30 మిల్లీగ్రాములు ఉండాలంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం, అబ్బాయిల్లో 31 శాతం రక్తహీనులని తేలింది. అబ్బాయిలూ, మీరూ ఉన్నారు సుమా!

తోటకూర, శనగలు తింటున్నాం కదా అంటారేమో. ఆకుల్లో, గింజల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టేది కొద్దిగానే. పక్కన నిమ్మరసమో జామకాయో ఉంటే అందులోని సి విటమిన్‌ దాన్ని పేగు పీల్చుకోగల రూపంలోకి మారుస్తుంది. భోజనం కాగానే టీ తాగారా, అందులోని టానిన్లు ఆ ఇనుమును కట్టిపడేస్తాయి. టీ మానమనను, నేనే మానలేను. ఓ గంట ఆగి తాగండి.

ఇక బడిలో వారానికొకటి ఇచ్చే నీలిమాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, కొత్త కణాల తయారీకి కావలసిన ఫోలిక్‌ ఆమ్లం ఉంటాయి. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది కాబట్టి అన్నం తిన్నాకే వేసుకోండి. మలం నల్లబడితే హడలిపోకండి, అది ఒంటికి పట్టని ఇనుమే. అలాగని ఎక్కువ మాత్రలు మింగకూడదు, ప్రమాదం. నీరసానికి నిద్రలేమి వంటి కారణాలూ ఉంటాయి. పరీక్షలో హిమోగ్లోబిన్‌ 100 మిల్లీలీటర్ల రక్తానికి 12 గ్రాములకన్నా తగ్గితే డాక్టరుగారు చెప్పినట్టు వినాలి.

ఆ అమ్మాయి అలాగే విన్నది. ఎర్రరక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, అంటే కొత్త రక్తానికి నెలలు పడుతుంది. ఇప్పుడు మూడో పీరియడ్‌లో ఆమె నిద్రపోవడం లేదు. ఆమె అడిగే ప్రశ్నలకు నేనే ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేయాల్సి వస్తోంది.