అరిసెలు వండవలసిన నెల దాటినపుడు

బిడ్డ నవ్విన నువ్వుండలు, బోర్లపడిన బొబ్బట్లు, కూర్చుండిన కుడుములు, అడుగువేసిన అరిసెలు, పలుకు నేర్చిన పంచదార చిలుకలు పంచిపెట్టుట మన తెలుగిండ్ల వేడుక. శిశువికాసమును మాసక్రమమున గుర్తించు వైద్యుల పట్టికకు ఇది ఏమంత తీసిపోవునది కాదు. అయితే అరిసెలు వండవలసిన నెల దాటిపోయినచో ఏమి చేయవలెనో మాత్రము మన వంటిల్లు చెప్పదు. అపుడు హైదరాబాదు ఎల్.బి.నగర్ అపార్ట్‌మెంటులో ఒంటరిగా బెంగపడుచున్న కూతురికి సూర్యాపేట నుండి తల్లి నోట ఫోనులో వినవచ్చునది ఓదార్పే: "మొగపిలగాడు గద బిడ్డా, మాటలు జెర లేటైతయ్. వాళ్ల మేనమామకు గూడ నాలుగేండ్లకే వచ్చినయ్."

ప్రేమతో పలికిన ఈ మాటయే అమూల్యమైన కాలమును హరించుచున్నది. మెదడులోని నాడీబంధములు అతివేగముగా అల్లుకొనునది తొలి మూడేండ్లలోనే. కావుననే నాలుగైదు నెలలకు మెడ నిలుపకున్నను, తొమ్మిది నెలలు నిండినను ఊతలేక కూర్చుండకున్నను, ఏడాదికి పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడకున్నను, పదునెనిమిది నెలలకు నడువకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కూర్చి పలుకకున్నను పరీక్ష చేయింపవలెను. పరీక్ష యనగా ముద్రవేయుట కాదు. మాటలు రాని పిల్లవానికి కొన్నివేళల వినికిడి లోపమే కారణమై యుండును. అది ఎంత త్వరగా తేలిన అంత మేలు.

ఇట్టి బిడ్డలకు తోడ్పడు చోట్లు లేకపోలేదు. ర్యాంకుల ఫ్లెక్సీలతో, కోచింగ్ కేంద్రములతో కిక్కిరిసిన దిల్‌సుఖ్‌నగర్‌లోనే, వివేకానందనగర్ నందు, బుద్ధిమాంద్యము గల పిల్లల కొరకు 1968లో వెలసిన ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ కలదు. ప్రవేశపరీక్షల ర్యాంకుల నెరిగిన పేట ఈ సంస్థ నెంత ఎరుగునో నాకు సందేహమే! నగరమునకు ఆవలి కొసను బోయినపల్లిలో ఇట్టి పిల్లల కొరకే 1984లో నెలకొనిన జాతీయ సంస్థయు ఉన్నది. ఇట్టి చోట్ల థెరపిస్టు చేయు పని కొలదిసేపే. మిగిలిన దినమంతయు శిక్షకురాలు తల్లియే. స్నానము చేయించుచు అవయవముల పేర్లు చెప్పుట, గోరుముద్ద నోటి కందించుటకు ముందొక క్షణమాగి బిడ్డ చూపుకై ఎదురుచూచుట, ఇవియే చికిత్స. బువ్వ తినిపించుటకు సెల్‌ఫోను చూపుట ఈ సంభాషణనే మ్రింగివేయును; రెండేండ్లలోపు వారికి తెర వలదని వైద్యులు పలుమారు చెప్పుచున్నది ఇందులకే.

ఇక లోపమును ముందుగా కనుగొనుట మాటకు వచ్చిన, 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పలు రుగ్మతలను వెదకుటకు వైద్యబృందములను ఏడాదికి రెండుమారులు అంగన్‌వాడీలకు పంపును. కాని చైతన్యపురి, కొత్తపేట, వనస్థలిపురముల అపార్ట్‌మెంటు బిడ్డ అంగన్‌వాడీ గడప తొక్కడు; బడికి ఇంకను పోడు. పేదవాని బిడ్డను చూచు కన్ను మధ్యతరగతి బిడ్డపై పడకుండుట విచిత్రమే. అయినను తొమ్మిదవ నెల తట్టు టీకాకును, పదునారవ నెల తరువాతి బూస్టరుకును ప్రతి బిడ్డయు ఏదో ఒక వైద్యుని చెంతకు రాక తప్పదు. ఆ దినమున జ్వరము వచ్చునా యని మాత్రమే అడిగి వచ్చు తల్లి, "పేరు పెట్టి పిలిస్తే చూడట్లేదు డాక్టరుగారూ, వినికిడి పరీక్ష రాస్తారా?" యని కూడ అడుగవలెను.