ఇసుక మీద అనుమానం... గడ్డ మీద అశ్రద్ధ
రేడియేషన్ జాడ చెప్పే పరీక్ష ఇంకా ఆసుపత్రికి రాలేదు

బరంపురం: గంజాం జిల్లా ఛత్రపురం తీరంలో ఇసుక నల్లగా మెరుస్తుంది. అందులో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్‌లతో పాటు మోనజైట్ కూడా ఉంది. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి ఇక్కడ సహజ రేడియేషన్ ఎక్కువ. ఇండియన్ రేర్ ఎర్త్స్ (ఇప్పటి ఐఆర్‌ఈఎల్) 1980ల నుంచి ఇక్కడి ఇసుకలోని ఖనిజాలను వేరు చేస్తోంది. ఈ తీరంలో గామా కిరణాల మోతాదు ప్రపంచ సగటుకు ఎన్నో రెట్లు ఎక్కువని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2004లో ప్రచురించిన కొలతలు చెబుతున్నాయి.

గోపాల్‌పూర్, ఆర్యపల్లి తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇలాంటి చోట ఏ ఇల్లాలికైనా రొమ్ములో గడ్డ కనిపిస్తే ముందు ఇసుక మీదకే అనుమానం పోతుంది. ఇది రేడియేషన్ వల్లే వచ్చిందా? పరీక్ష చేసి తేల్చలేరా?

చెర్నోబిల్ నేర్పిన పాఠం
రేడియేషన్ వల్ల వచ్చిన క్యాన్సరైనా, మరో కారణంతో వచ్చినదైనా మైక్రోస్కోప్‌లో చూస్తే ఒకేలా ఉంటుంది. అందుకే శాస్త్రవేత్తలు జన్యువుల్లో గుర్తుల కోసం వెతుకుతున్నారు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు కేంద్రం పేలిన తర్వాత అక్కడ శుభ్రం చేసే పనుల్లో ఎందరో మహిళలు పాల్గొన్నారు. వారిలో రొమ్ము క్యాన్సర్ వచ్చినవారి గడ్డలను, రేడియేషన్ సోకని మహిళల గడ్డలతో పోల్చి చూశారు. మొదట 38, తర్వాత సరిచూసుకోవడానికి మరో 39 నమూనాలు పరీక్షించారు. రేడియేషన్ సోకినవారిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-26బి అనే అణువు పెరిగింది. అది అదుపు చేసే టీఆర్‌పీఎస్1 ప్రొటీన్ తగ్గింది. ఈ ఫలితం 2018లో వెలువడింది.

ఆశ పుట్టించే ఫలితమే. అయితే అది కొద్దిమందిలో కనిపించిన తేడా మాత్రమే. ఒక మనిషి గడ్డ చూసి 'ఇది రేడియేషన్ వల్లే' అని రాసిచ్చే పరీక్ష మాత్రం కాదు.

కేరళలో ఏం తేలింది?
మోనజైట్ ఇసుకే ఉన్న కేరళలోని కరునాగపల్లిలో 1990 నుంచి జనాభా వివరాలు, క్యాన్సర్ కేసులు నమోదు చేశారు. దాదాపు 70 వేల మందిని 2005 వరకు సగటున పదిన్నరేళ్లు గమనించారు. 1,379 మందికి క్యాన్సర్ వచ్చింది. ఇసుక రేడియేషన్ పెరిగే కొద్దీ క్యాన్సర్ పెరిగినట్టు కనిపించలేదని 2009లో నివేదిక ఇచ్చారు. హిరోషిమా, నాగసాకిల్లో కథ వేరు. అక్కడ ఒక్కసారిగా ఎక్కువ మోతాదు తగిలింది. చిన్న వయసులో ఆ దెబ్బ తిన్న ఆడపిల్లల్లో పెద్దయ్యాక రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువైంది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగిలేదాన్ని ఆ లెక్కతో చూడలేం. గంజాంలోనూ సందేహం తీరాలంటే కరునాగపల్లిలా ఊరూరా లెక్క రాయడమే మార్గం.

ముందు గడ్డ సంగతి చూడాలి
కారణం ఏదైనా వైద్యం ఆగదు. ఆలస్యమే ప్రాణం మీదకు తెస్తుంది. నొప్పి లేని గడ్డ, చర్మం సొట్ట పడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, చంకలో బిళ్ల... వీటిలో ఏది కనిపించినా సిగ్గుపడి దాచుకోకూడదు. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. 30 ఏళ్లు దాటినవారికి అయిదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలన్నది కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం. ఊళ్లోకి వచ్చే ఆరోగ్య కార్యకర్తను అడగొచ్చు.

రేడియేషన్ భయంతో మామోగ్రామ్ వద్దనేవారూ ఉంటారు. అందులో తగిలేది సుమారు 0.4 మిల్లీసీవర్టులు. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు అందుతాయి. అంటే అది రెండు నెలల పాటిది.

బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి, కటక్‌లో ఆచార్య హరిహర క్యాన్సర్ సంస్థ, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఇసుక సంగతి శాస్త్రవేత్తలు తేల్చేలోగా గడ్డ సంగతి డాక్టరుగారితో తేల్చుకోవడం మన చేతిలో పనే.