రజతోత్సవానికి ఒక్క వారం తక్కువ!

మన సినిమాల్లో హీరోకి గానీ హీరోయిన్‌కి గానీ దగ్గు వచ్చిందంటే చాలు, ప్రేక్షకుడు జేబురుమాలు తీసి సిద్ధంగా పెట్టుకుంటాడు. ‘దేవదాసు’ (1953)లో అక్కినేని దగ్గిన దగ్గు ఇప్పటికీ మన చెవుల్లోనే ఉంది. ‘ప్రేమాభిషేకం’ (1981)లో హీరోకి క్యాన్సర్. ‘గీతాంజలి’ (1989)లో అయితే ఇద్దరికీ జబ్బే! జబ్బు పేరు చెప్పారంటే ఆఖరి రీళ్ళు దగ్గర పడ్డట్టే లెక్క. అలాంటిది పెళ్ళయిన నాలుగో ఏట మా ఆవిడకి క్షయ అని డాక్టరు గారు చెబుతుంటే, సినిమాల మీద రాసుకుని బతికే నా కళ్ళ ముందు ఏ సీను మెదిలి ఉంటుందో మీరే ఊహించుకోండి.

డాక్టరు గారి గొంతులో మాత్రం నేపథ్య సంగీతం ఏమీ లేదు. “మొదట రెండు నెలలు నాలుగు రకాల మందు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. ఒక్క రోజు కూడా మానకూడదు. ఇంట్లోనే ఉండొచ్చు” అన్నారు. లెక్క వేశాను. 56, ఆపైన 112... మొత్తం 168 రోజులు.

“ఇరవై నాలుగు వారాలు! రజతోత్సవానికి ఒక్క వారం తక్కువ!” అన్నాను బయటికి వచ్చాక. ఆవిడ నవ్వింది. నవ్వగానే దగ్గు తెర కమ్ముకుంది. రోడ్డు పక్కన చెట్టు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది.

ఆ “ఇంట్లోనే” అన్న చిన్నమాట వెనక పెద్ద కథే ఉంది సుమండీ! ఒకప్పుడు క్షయ అంటే ఇల్లూ వాకిలీ వదిలి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియంకి పోవాల్సిందే. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. 193 మంది రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ళ ఇరుకిళ్ళలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. ఇళ్ళలో ఉన్నవాళ్ళకి మంచి తిండీ లేదు, విశ్రాంతీ లేదు. అయినా ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లోవాళ్ళకి అంటుకోవడం కూడా ఎక్కువేం కాలేదు. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ప్రపంచమంతా రోగుల్ని ఇళ్ళకి పంపడం నేర్చుకుంది అక్కడే. ‘మాయాబజార్’ (1957) తయారైన ఊళ్ళోనే, ఆ రోజుల్లోనే!

మా ఇల్లు ఉదయగిరిలో. రెండు గదులు, కిటికీలోంచి కోట కొండ. అత్తమ్మది ఆత్మకూరు. కబురు తెలిసి పరుగున వచ్చింది. “బిడ్డను నా దగ్గరికి తీసుకుపోతా నాయనా, నీకేం చాతవుద్ది” అంది. “నేను యాడికీ పోనుమా” అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నాకు నిజంగానే ఏమీ చాతకాదు. అన్నం వండితే జావ, జావ కాస్తే అన్నం!

మొదటి వారమే ఒక గొప్ప పని చేశాను. చెక్క స్పూన్లకి మా ఊరు పెట్టింది పేరు కదా, నునుపుగా చెక్కిన కొత్త స్పూను ఒకటి కొనుక్కొచ్చి ఇచ్చాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

“బాగుంది. ఇది నా ఒక్కదానికేనా?” అంది.

అప్పటికే ఆవిడ కంచం వేరు, గ్లాసు వేరు చేశాను. ఏం చెప్పను? కానుక అని నాకు నేను చెప్పుకున్నది కానుక కాదని ఆవిడకి తెలిసిపోయింది. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. మర్నాడు డాక్టరు గారిని అడిగితే, “కంచాలతో, స్పూన్లతో అంటుకోదయ్యా! గాలి ద్వారా వస్తుంది. కిటికీలు తెరవండి, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. మందు సక్రమంగా పడితే రెండు వారాల్లో ఆ భయమూ చాలామటుకు పోతుంది” అని గడ్డి పెట్టారు. నాకూ పరీక్షలు చేశారు. ఏమీ లేదన్నారు. ఇంటికొచ్చి ఆ స్పూనుతోనే ఆవిడ కంచంలోంచి ఇంత పెరుగన్నం తిన్నాను. “ఉప్పు తక్కువైంది” అన్నాను. “వండింది తమరే” అంది. మాట కలిసింది!

మందుతో ఇంకో చిత్రం. అందులో ఒకదానివల్ల ఒంట్లోంచి వచ్చే నీరంతా నారింజ రంగుకి తిరుగుతుంది. కన్నీళ్ళు కూడా! “పాపం మన సావిత్రి నలుపు తెలుపులో ఏడ్చింది. నీది ఈస్ట్‌మన్ కలర్” అన్నాను. దిండు తీసుకుని విసిరింది. విసరగలిగింది కదా అని నాకు ఒకటే సంబరం.

మాత్రలకి పొద్దున పూట కడుపులో తిప్పేది. సాయంత్రానికి కాస్త తేరుకునేది. అప్పుడు మొదలయ్యేది మా ఆట. బియ్యం డబ్బాకి సెల్‌ఫోను ఆనించి ‘మాయాబజార్’. అరగంటకే అలిసిపోయేది కాబట్టి రోజుకి మూడు రీళ్ళు చొప్పున వారం రోజులు ఆడింది. చిన్నమయగా రమణారెడ్డి కనబడితే “ఆపు, ఆపు... మన నెల్లూరాయన!” అనేది. సినిమాల్లోకి రాకముందు ఆయన శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేశాడని చెబితే, “మన కిటికీలు తెరిచున్నాయో లేదో చూసిపోను వచ్చినట్టున్నాడు” అని నవ్వేది. నవ్వగానే మళ్ళీ దగ్గు. నేను ఫోను బోర్లించి, వీపు నిమురుతూ కూర్చునేవాణ్ణి. నవ్వించాలా, మానాలా? ఆ రోజుల్లో నాకున్న పెద్ద ధర్మసందేహం అదే.

తర్వాత ‘మల్లీశ్వరి’ (1951) వేశాం. తెర మీద రాయలవారు కనబడగానే కిటికీలోంచి కొండ వైపు చూసి, “1514లో ఈ కోట పట్టడానికి ఈయనకి ఎన్నాళ్ళు పట్టిందో!” అంది. నెలల తరబడి ముట్టడి వేశాడన్నాను. “మనకి ఆరు నెలలేలే” అంది.

నూరో రోజున ఇంట్లో శతదినోత్సవం జరిపాం. పాత క్యాలెండరు వెనక ‘విజయవంతమైన 100వ రోజు’ అని స్కెచ్‌పెన్నుతో రాసి గోడకి అంటించాను. అత్తమ్మ సోమశిల చేపలతో మామిడికాయ వేసి పులుసు చేసుకుని ఆత్మకూరునుంచి బస్సులో పట్టుకొచ్చింది. గిన్నెమూతకి గుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుని! ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకుంది. అన్ని నెలల్లో అది మొదటిసారి. అత్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే, “ఏంది మా, పులుసులో కారం ఎక్కువైందా?” అంది.

168వ రోజు దాటి, ఆఖరి పరీక్ష బాగుందన్న సాయంత్రం ఏ సినిమా వేయమంటావని అడిగాను. “మాయాబజారే” అంది. ఈసారి ఆపకుండా చూశాం. రమణారెడ్డి వచ్చాడు. ఆవిడ పగలబడి నవ్వింది. అలవాటు చొప్పున నా చెయ్యి ఆవిడ వీపు మీదికి పోయింది.

“చెయ్యి తియ్యవయ్యా, సినిమా చూడు” అంది.