ఇసుక వన్నె రాతిపూతలు

యానాము వాసులకు టైల్సు కొత్తవి గావు. రీజెన్సీ సెరామిక్స్ కర్మాగారము ఇచ్చట పనిచేసినన్నాళ్లు పెక్కు కుటుంబములకు అది జీవనాధారముగ నుండెను. 2012 జనవరి 27న జరిగిన ఘోర సంఘటనల పిమ్మట మూతపడి, చాలా ఏండ్లు అట్లే యుండెను. ఆ కథను తిరుగదోడుట మా ఉద్దేశము గాదు. కాని పింగాణి పని ఇంత దగ్గరగ జరిగిన ఊరిలో సైతము, దానిపై నుండు పూత ఎట్లు కూర్పబడునో వివరముగ చెప్పువారు అరుదు. ఇపుడు అంగళ్లలో మెరుపు లేక, ఇసుకరాతివలె గరుకుగ కనబడు పళ్లెములు, గిన్నెలు, కప్పులు విరివిగ అమ్ముచున్నారు. పిల్లలకు వానిలోనే పప్పుచారు పోయుచున్నాము. కావున తల్లిదండ్రులు ఈ పూత స్వభావమును తెలిసికొనుట అవసరమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గ్లేజు అనునది మట్టిపాత్ర మీద కరగి అంటుకొన్న పలుచని గాజు. దీనికి మూడు తెగల ద్రవ్యములు కావలెను. గాజగునది సిలికా, దంచిన పలుగురాయి అదియే. సిలికా ఒంటిగ కరగవలెనన్న సుమారు 1,700 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పట్టును. అంత వేడికి కుండ నిలువదు. అందుచేత దానిని తక్కువ వేడిలో కరగించు ద్రవ్యములను చేర్తురు. ఫెల్‌స్పారులోని పొటాషు, సోడాలు, సున్నపురాతిలోని సున్నము, డోలమైటులోని సున్నము, మెగ్నీషియాలు అట్టివి. మూడవది అల్యూమినా. చీనామట్టి, ఫెల్‌స్పారు దీనిని ఇచ్చును. కరగిన గాజు పాత్ర గోడమీద నుండి జారిపోకుండ చిక్కబరచునది ఇదియే. మనము చిన్ననాడు పలకమీద వ్రాసికొన్న బలపము సైతము మెగ్నీషియా గల రాయియే; పూతలు కూర్చువారు దానిని పొడిచేసి వాడుదురు.

ఇక మెరుపు ఎందుకు పోవును? గాలిలేని వేళ చెరువునీరు అద్దమువలె వెలుగును ఒకే దిక్కునకు తిప్పును. అలలు రేగిన గౌతమి దానిని నలుదిక్కులకు చెదరగొట్టును. పూతపైభాగము కంటికి కనబడనంత సన్నని స్ఫటికములతో నిండియున్నచో రెండవ రీతి జరుగును. కాని ఆ గరుకుదనము రెండు విధముల కలుగును, ఈ భేదమే ముఖ్యము. పూత పూర్తిగ కరగి, చల్లారునపుడు దానిలో స్ఫటికములు ఏర్పడుట ఒక విధము. వేడి చాలకనో, కరగించు ద్రవ్యము చాలకనో పొడి సగమే కరగి నిలిచిపోవుట రెండవ విధము. మొదటిది చక్కగ ఉడికి ఆరిన అన్నము. రెండవది పలుకు అన్నము. చూపునకు రెండును ఒకటే.

పూత ఏ విధముగ పరిణమించునో లెక్కవలన ముందే కొంత చెప్పవచ్చును. 1912లో స్టల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు సిలికా, అల్యూమినాల పాళ్లు మార్చి మార్చి కాల్చి పటము గీచెను. తూకమున గాక అణువుల లెక్కన సిలికా అల్యూమినాకు సుమారు ఐదు రెట్లకు లోబడి యున్నచో పూత మెరుపు కోల్పోవును. ఏడెనిమిది రెట్లున్నచో మెరయును. ఈ సూత్రమునకు మినహాయింపులు కలవు గాని, ఆరంభించువారికి ఇంతకంటె మంచి దారి మాకు తోచలేదు.

ఒక కూర్పు చూతము. పొటాషు ఫెల్‌స్పారు 49 పాళ్లు, చీనామట్టి 25, డోలమైటు 22, సున్నపురాతిపొడి 4. మొత్తము నూరు. ఫెల్‌స్పారునుండి సుమారు 32, చీనామట్టినుండి పదకొండున్నర పాళ్ల సిలికా వచ్చును. అల్యూమినా రెండింటినుండి కలిసి 18 పాళ్లు. అణుభారములచే భాగించినచో సిలికా 0.72, అల్యూమినా 0.18. అనగా నాలుగు రెట్లు మాత్రమే. 1,280 మొదలు 1,300 డిగ్రీల వరకు కాల్చి నెమ్మదిగ చల్లార్చినచో ఇది చేతికి మెత్తగ, కంటికి రాతివలె నుండును. డోలమైటు లోని మెగ్నీషియాయే ఆ మెత్తదనమునకు కారణము. ఇంత వేడికి కాల్చు స్టోన్‌వేరు పని మనకు దూరపుది గాదు; పుదుచ్చేరిలో 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ దంపతులు నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జి పాటరీలో ఎందరో ఈ విద్య నేర్చిరి.

పై కూర్పు తెల్లనిది. దానికి ఇసుక వన్నె తెచ్చునవి ఇనుము, టైటానియము. నూటికి ఒకటి రెండు పాళ్ల ఎర్ర ఇనుపభస్మము, మూడు నాలుగు పాళ్ల రూటైలు పొడి చేర్చినచో లేత గోధుమ రంగు వచ్చి, అందులో మీగడవన్నె మచ్చలు తేలును. ఇనుము హెచ్చిన కొలది రంగు బెల్లపు వన్నెకు, నూటికి ఎనిమిది పదికి చేరునప్పటికి నలుపునకు తిరుగును. పాత్రమట్టిలోనే కాల్చి దంచిన మట్టిరవ్వయు, కొద్దిగ ఇల్మినైటు రవ్వయు కలిపినచో అవి పూతలోనుండి పైకి చుక్కలుగ పొడచూపి నిజమైన ఇసుకరాయి అనిపించును. ఈ ఇల్మినైటు, రూటైలు మన తీరపు నల్లయిసుకలో నున్నవే. అట్లని సముద్రపుటొడ్డున ఇసుక ఎత్తి తెచ్చి పూతలో కలుపరాదు. దానిలో ఉప్పు ఉండుటయే గాక, థోరియము గల మోనజైటు అను ఖనిజము సైతము ఉండవచ్చును. శుద్ధిచేసిన పొడినే కొనవలెను.

చల్లార్పు మాట మరువరాదు. స్ఫటికములు పెరుగుటకు వ్యవధి కావలెను. అదే పూత త్వరగ చల్లారినచో మెరయుటయు కలదు. టైల్సు కర్మాగారములలో రోలర్ కొలిమి గంటసేపటిలోనే పని ముగించును గనుక అచ్చటి కూర్పులు వేరు; ముందే కరగించి పొడిచేసిన ఫ్రిట్టులను, విడిగ అల్యూమినా పొడిని వాడుదురు.

ఇపుడు అసలు జాగ్రత్తకు వత్తము. మెరుపు పోగొట్టుటకు బేరియము కార్బనేటు ఒక సులభసాధనము, పట్టువంటి నునుపునిచ్చును. కడప సీమలోని మంగంపేట ముగ్గురాయి బేరియము ఖనిజమే. ముగ్గురాయి నీటిలో గాని కడుపులో గాని కరగదు. అందుకే ఎక్సురే తీయుటకు శుద్ధమైన బేరియము సల్ఫేటును వైద్యులు త్రాగింతురు. కార్బనేటు అట్టిది గాదు. అది ఎలుకల మందు. కూర్పు సరిలేని పూతలోని బేరియమును పులుపు బయటికి లాగును. మన వంటలో చింతపండు, నిమ్మ, మామిడి లేని పూట ఉన్నదా? సీసము, కాడ్మియము కలిసిన పూతలతోను ఇదే చిక్కు.

ఇంటిలో చేయదగిన పరీక్ష యొకటి కలదు. పళ్లెమున ఒక ప్రక్క నిమ్మచెక్క బోర్లించి రాత్రియంతయు ఉంచి, తెల్లవారి కడిగి తుడిచి చూడుడు. ఆ చోట రంగు వెలిసినను, గరుకు మారినను ఆ పాత్ర అన్నమునకు పనికిరాదు. పూలకుండీ క్రింద పెట్టుకొనవచ్చును. చెంచా గీతలు కడిగినను పోకున్నను, పసుపు మరక పట్టి వదలకున్నను సందేహింపవలెను. మార్పు లేనంత మాత్రమున సీసము లేదని రూఢి గాదు. దానిని తేల్చుటకు ప్రయోగశాలలో నూటికి నాలుగు పాళ్ల ఎసిటిక్ ఆమ్లమును 24 గంటలు పాత్రలో నింపి, దిగిన లోహమును కొలుతురు.

ఎరిగిన పనివారు పాత్ర వెలుపల ఇసుక వన్నె పూత వేసి, లోపల మెరయు పూత వేయుదురు. కొనునపుడు అట్టివానినే ఏరుకొనుట మేలు. పిల్లలు మట్టిపని నేర్వగోరినచో మట్టి మలచనిండు గాని, పొడిద్రవ్యములు తూచి కలుపు పని పెద్దలదే. పలుగురాతి ధూళి ఊపిరితిత్తులలో చేరినచో మరల రాదు. పొడి మీద నీరు పోయక, నీటిలోనికి పొడిని మెల్లగ జారవిడువవలెను. నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను.